మింగే వెండి, పూసే వెండి

అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కుకునేవాళ్ళలో కంటిజబ్బు, చర్మవ్యాధి ఉన్నవాళ్ళే ఎక్కువ. ఉత్తరాంధ్ర ఊళ్ళలో కళ్ళు నెమ్మదిస్తే అమ్మవారికి వెండి కళ్ళు చేయించి ఇచ్చుకునే ఆనవాయితీ కూడా ఉంది. వెండికీ వైద్యానికీ ఉన్న సంబంధాన్ని వెతుక్కుంటూ వెనక్కి వెళితే చరిత్ర కూడా మనల్ని ఈ రెండు చోట్లకే, కంటి దగ్గరికీ చర్మం దగ్గరికీ, తీసుకొస్తుంది. ఆధునిక వైద్యంలో వెండి నిలదొక్కుకున్నదల్లా ఒంటికి పైన తగిలేచోటే. మింగమని చెప్పిన వెండి మాత్రం పరీక్షకు నిలవలేదు. ఇంట్లోనే బ్యాటరీ పెట్టి కొలాయిడల్ సిల్వర్ తయారుచేసుకోండి, రోజూ తాగండి, జలుబు నుంచి క్యాన్సర్ దాకా పోతాయి అని ఫోను తెరిస్తే చాలు ఎవరో ఒకరు చెబుతున్న ఈ రోజుల్లో ఈ తేడా తెలిసి ఉండాలి.

మన ఇళ్ళలో వెండి ముందు నుంచీ నోటికి దగ్గరగానే ఉంది. పసిబిడ్డకు ఉగ్గుగిన్నె వెండిది, మొలతాడు వెండిది, కలిగినవారింట కంచం వెండిది. లోపలికి పుచ్చుకునే వెండికి మాత్రం ఆయుర్వేదం పెద్ద తతంగమే పెట్టింది. తెలుగువాడైన కొట్టూరు బసవరాజు సంస్కృతం, తెలుగు కలిపి రాసిన ‘బసవరాజీయం’ మన వైద్యుల చేతిలో తరతరాలుగా నలిగిన గ్రంథం. ఆ రసవైద్య సంప్రదాయంలో వెండిని ఉన్నది ఉన్నట్టు ఎవరూ మింగించలేదు. పలచగా సాగగొట్టిన వెండి రేకుల్ని ఎర్రగా కాల్చి నువ్వుల నూనెలో ముంచుతారు. మళ్ళీ కాల్చి మజ్జిగలో, ఆ తర్వాత గోమూత్రంలో, పులిసిన కాంజికంలో, చివరికి ఉలవల కషాయంలో, ఒక్కొక్కదానిలో ఏడేసి సార్లు. ఇది శుద్ధి మాత్రమే. ఆపైన పాదరసం, గంధకం కలిపి నూరి పుటాలు వేస్తారు. భస్మం వేలి గీతల్లోకి దిగాలి, నీళ్ళమీద తేలాలి, ఎండలో పట్టుకుని చూస్తే ఎక్కడా మెరుపు కనిపించకూడదు. అలా తయారైన నల్లటి పొడిలో ఎక్కువ భాగం సిల్వర్ సల్ఫైడ్ అని నేటి పరీక్షలు చెబుతున్నాయి. అది నీటిలో దాదాపు కరగదు. మోతాదు గురిగింజ ఎత్తు దాటదు, అదీ వైద్యుడు తూచి ఇస్తేనే. ఆ మందు గుణం మీద గట్టి పరీక్షలు ఇంకా జరగవలసే ఉన్నా, దాన్ని చేసినవాళ్ళు వెండికి భయపడ్డారన్నది మాత్రం స్పష్టం. ఆ భయమే నాకు గౌరవంగా తోస్తుంది.

పడమటి దేశాల్లో కథ వేరు. అక్కడ సిల్వర్ నైట్రేట్ కడ్డీతో పులిపిర్లనీ పుండ్లనీ కాల్చేవారు. వెండి అసలు ఘనత బయటపడింది జర్మనీలోని లైప్‌జిగ్ ప్రసూతి ఆసుపత్రిలో. తల్లికి గనేరియా ఉంటే పుట్టేటప్పుడు బిడ్డ కళ్ళకు అంటుకుని చూపు పోయేది. కార్ల్ క్రెడే అనే వైద్యుడు పుట్టిన ప్రతి బిడ్డ కంటిలో 2 శాతం సిల్వర్ నైట్రేట్ ద్రావణం ఒక్కొక్క చుక్క వేయించి, ఆ ఫలితాన్ని 1881లో ప్రకటించాడు. అంతకుముందు నూటికి పదిమంది దాకా బిడ్డలకు వస్తున్న ఆ జబ్బు నూటికి ఒకరికన్నా తక్కువకు దిగింది. ఒక చుక్క మందు అన్ని వేల జతల కళ్ళు కాపాడటం వైద్యచరిత్రలో అరుదు. 1923లో విశాఖపట్నంలో వైద్యకళాశాల, కింగ్ జార్జ్ ఆసుపత్రి మొదలయ్యేనాటికి ఆ చుక్క ప్రపంచమంతటా ప్రసూతి పాఠాల్లో భాగం. శ్రీకాకుళం, విజయనగరం మనుషులకు పెద్ద జబ్బు చేస్తే ఈనాటికీ దిక్కు ఆ ఆసుపత్రే.

కొలాయిడ్ అంటే ఒక పదార్థపు అతి సూక్ష్మ రేణువులు మరో పదార్థంలో కరగకుండా, అడుక్కు దిగకుండా తేలుతూ ఉండటం. పాలు అలాంటివే. వెండి రేణువులు అలా తేలితే నీరు పసుపు రంగుకు తిరుగుతుంది. 1889లో అమెరికన్ రసాయనవేత్త కేరీ లీ ఇలాంటి వెండిని తయారుచేసే దారి చూపాడు. 1897లో క్రెడే కొడుకు బెన్నో క్రెడే కొల్లార్గోల్ పేరుతో దాన్ని మందుగా తెచ్చాడు. మరుసటి ఏడాది బ్రెడిగ్ అనే రసాయనవేత్త నీటి అడుగున వెండి కడ్డీల మధ్య విద్యుత్తు మెరుపు పుట్టించి అదే పని చేశాడు. 1902లో ఆల్బర్ట్ బార్న్స్ ఆర్జిరాల్ అనే వెండి మందు అమ్మకం మొదలుపెట్టి కోట్లు గడించాడు. గోధుమరంగు ఆర్జిరాల్ చుక్కలు మన దేశంలోనూ కళ్ళలో వేసేవారు. ఆ రోజుల్లో సూక్ష్మజీవుల మీద ఇంతకు మించిన ఆయుధం డాక్టరు చేతిలో లేదు. కాబట్టి కంట్లో వేసిందాన్నే ముక్కులో వేశారు, తాగించారు, నరానికీ ఎక్కించారు. గత్యంతరం లేని కాలం అది.

ఆ కాలానికి ముగింపు పలికినవాళ్ళలో మనవాడొకడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు సారథిగా ఉండగానే అక్కడ డగ్గర్ అనే శాస్త్రవేత్త ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్‌ను కనిపెట్టాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. 1948లో అది లోకానికి తెలిసింది, ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. అప్పటికే సల్ఫా మందులు, పెన్సిలిన్ వచ్చి ఉన్నాయి. వెండి మందులు అల్మరాల వెనక్కి పోయాయి. పసిబిడ్డల కళ్ళలోకి కూడా క్రమంగా యాంటీబయోటిక్ మందులే వచ్చాయి.

అయినా వెండి పూర్తిగా పోలేదు, తనకు తగిన చోటుకు చేరింది. 1968లో చార్లెస్ ఫాక్స్ సల్ఫా మందుకు వెండిని జతచేసి సిల్వర్ సల్ఫాడయాజిన్ తెచ్చాడు. దీపావళి నాడు చెయ్యి కాలితే మందుల దుకాణంవాడు తీసిచ్చే తెల్లటి పూత అదే. గాయం త్వరగా మానడానికి ఇంతకన్నా మెరుగైనవి వచ్చాయని ఇప్పుడు వైద్యులు అంటున్నా, కొన్ని దశాబ్దాలపాటు కాలిన గాయాల వార్డులు నడిచింది దానిమీదే. పుచ్చిన పళ్ళకు పూసే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ 2021లో ప్రపంచ ఆరోగ్యసంస్థ అత్యావశ్యక మందుల జాబితాకెక్కింది. 2009లో వచ్చిన టాటా స్వచ్ ఫిల్టర్‌లో సూక్ష్మజీవుల్ని చంపేది ఊక బూడిదకు పట్టించిన నానో వెండి. మన రైస్‌మిల్లుల వెనక గుట్టలుగా పడి ఉండే ఊక దానికి ఆధారం కావడం నాకెంతో నచ్చిన సంగతి. ఇందులో ఏదీ వెండిని తాగించడానికి పుట్టింది కాదు.

మరి తాగే వెండి ఎలా తిరిగొచ్చింది? 1990ల్లో అమెరికాలో. యాంటీబయోటిక్స్ మీద అనుమానం, మందుల కంపెనీల మీద కోపం, ఇంట్లోనే చేసుకోగలమన్న ధీమా కలిసి దాన్ని లేపాయి. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లో తేల్చి చెప్పింది: కొలాయిడల్ సిల్వర్ ఏ జబ్బుకూ సురక్షితమనీ గుణమిస్తుందనీ రుజువు కాలేదు, డాక్టరు చీటీ లేకుండా అలా చెప్పి అమ్మకూడదు. 2020లో కరోనా రాగానే అదే సరుకు మళ్ళీ లేచింది, మళ్ళీ హెచ్చరికలు వెళ్ళాయి.

ఇంట్లో చేసే పద్ధతి చూడటానికి తేలిక. రెండు మేలిమి వెండి తీగలు డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి బ్యాటరీలు తగిలిస్తారు. ఒక తీగ నుంచి పొగలాంటి జీర దిగుతుంది. చూసేవారికి కొలాయిడ్ తయారైపోయిందనిపిస్తుంది. ఆ గ్లాసులో ఎక్కువగా ఉండేది మాత్రం రేణువులు కాదు, కరిగిన వెండి అయాన్లు. బలం కొలవడానికి వాడే టీడీఎస్ మీటరు నీటి విద్యుద్వాహకతను కొలుస్తుంది, రేణువుల్ని లెక్కపెట్టలేదు. నిన్నటి గ్లాసూ నేటి గ్లాసూ ఒకటే అని చెప్పేందుకు ఇంట్లో ఏ సాధనమూ లేదు. ఆ నీళ్ళలో నౌపడ ఉప్పు నాలుగు పలుకులు వేసి చూడండి, అయాన్లు చాలినన్ని ఉంటే తెల్లటి మసక కమ్ముతుంది. అది సిల్వర్ క్లోరైడ్, హైస్కూలు ప్రయోగశాలలో ఉప్పును పట్టే పరీక్ష కూడా ఇదే. కడుపులో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అంటే అక్కడా క్లోరైడే. గాజుపలకమీద సూక్ష్మజీవిని చంపిన అయాను అన్నాన్నీ ఆమ్లాన్నీ దాటి ఊపిరితిత్తుల్లోని క్రిమి దగ్గరికి అదే రూపంలో చేరుతుందని చూపించినవారు లేరు.

చేరకపోయినా కొంత ఒంట్లో మిగులుతుంది. అసలు ప్రమాదం అక్కడుంది. ఓటు వేసినప్పుడు వేలిమీద పెట్టే సిరాలో ఉన్నది సిల్వర్ నైట్రేట్. వెలుతురు తగిలితే నల్లబడి, చర్మపు పైపొర రాలిపోయేదాకా పోదు. మింగిన వెండి పైపొరలో కాదు, లోపలి పొరలో పేరుకుంటుంది, కాబట్టి రాలదు. ఎండ తగిలే ముఖం, చేతులు బూడిద నీలంగా మారతాయి. దీన్నే ఆర్జీరియా అంటారు. లేజరుతో కొంత తగ్గించవచ్చు గానీ, ఒంట్లోంచి వెండిని బయటికి లాగే మందు లేదు. మన చామనఛాయ ఒంటిమీద దీన్ని ఎండకు కమిలిన నలుపనుకునే వీలుంది. గోటి మొదళ్ళు, చిగుళ్ళు, కంటి తెల్లగుడ్డు చూసుకోవాలి.

లెక్క కష్టం కాదు. 10 పీపీఎం, అంటే లీటరుకు 10 మిల్లీగ్రాముల వెండి ఉన్న నీళ్ళు రోజుకు 100 మిల్లీలీటర్లు తాగితే ఒక మిల్లీగ్రాము వెండి లోపలికి పోతుంది. అమెరికా పర్యావరణ సంస్థ కిలో బరువుకు రోజుకు 5 మైక్రోగ్రాములను హద్దుగా పెట్టింది. 60 కిలోల మనిషికి అది 0.3 మిల్లీగ్రాములు. ఆ చిన్న గ్లాసు హద్దుకు మూడు రెట్లు దాటింది.

ఉద్దానం సంగతి ఇక్కడ వదిలేయలేను. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో మూత్రపిండాల జబ్బుతో ఎన్నో ఇళ్ళు కూలాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు, హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం మొదలైంది. నీటిమీద అనుమానం ఉన్నచోట నీటిని శుద్ధిచేస్తానని వచ్చే ప్రతి సీసాకూ గిరాకీ ఉంటుంది. వెండి క్రిముల్ని చంపగలదు గానీ నీటిలో కరిగిన లవణాల్నీ లోహాల్నీ తీసేయదు. పైగా తాగే వెండివల్ల అరుదుగానైనా మూత్రపిండాలకూ కాలేయానికీ చేటు జరుగుతుందని వైద్యశాస్త్రం హెచ్చరిస్తోంది. క్రియాటినిన్ పెరిగిన మనిషికి వెండి నీళ్ళు తాగమని సలహా ఇవ్వడం నా దృష్టిలో క్రూరత్వం.

ఇప్పటికే తాగుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఆపేయాలి, డాక్టరుకు దాచకుండా చెప్పాలి. థైరాయిడ్ మాత్రను, క్వినలోన్, టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయోటిక్స్‌ను వెండి ఒంటికి పట్టనివ్వకుండా అడ్డుకోగలదు. వేసుకున్న మాత్ర పనిచేయక డాక్టరు మోతాదు పెంచుకుంటూ పోతుంటే, అసలు కారణం వంటింటి గట్టుమీది సీసాలో ఉండవచ్చు.