నర్సుల మనోబలం ఎక్కడుంది?

మీరెప్పుడైనా ఆసుపత్రి వార్డులో ఒక రాత్రి గడిపారా? గడిపి ఉంటే, ఇరవై ఏళ్ళయినా నిండని నర్సింగు విద్యార్థిని ఒకరికి ఇంజక్షను ఇచ్చి, ఇంకొకరి పుండు కడిగి, ప్రాణం పోయిన మరొకరి కళ్ళు మూయడం చూసే ఉంటారు. ఇంచుమించు మీ వయసు అమ్మాయే! ఆమెకంత గుండెనిబ్బరం ఎక్కడిది? అది పుట్టుకతో రావాలనీ, తట్టుకోలేనివారు ఈ వృత్తికి పనికిరారనీ చాలామంది అనుకునేవారు. ఈ నమ్మకాన్ని గట్టిగా ప్రశ్నించిన ఒక పరిశోధన గురించి చెబుతాను.

1950ల చివర్లో లండన్‌లోని ఒక పెద్ద బోధనాసుపత్రి, నర్సుల శిక్షణను చక్కబెట్టుకోలేక టావిస్టాక్ సంస్థ సాయం కోరింది. అక్కడి నర్సుల్లో ఎక్కువమంది విద్యార్థినులే. అంటే, చదువుకోవడానికి వచ్చినవారే వార్డులను నడపాలి. (మన దేశంలోనూ ఇది తెలియని సంగతేమీ కాదు.) వారిలో దాదాపు మూడోవంతు మంది శిక్షణ పూర్తికాకుండానే, చాలావరకు తమంతట తామే, వెళ్ళిపోతున్నారు. మానసిక విశ్లేషకురాలు ఇసబెల్ మెంజీస్ సుమారు 70 మంది నర్సులతో మాట్లాడారు, వార్డుల్లో పనిని దగ్గరనుంచి గమనించారు.

అక్కడ ఒక నర్సు ఒక రోగిని పూర్తిగా చూసుకునే ఏర్పాటు లేదు. పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను వార్డులోని రోగులందరికీ చేయమనేవారు. రోగికి పేరు కూడా ఉండదు: 'పదో మంచం కాలేయం', 'పదిహేనో మంచం న్యుమోనియా'! ఒక వార్డుకు అలవాటుపడేలోగా విద్యార్థినిని ఇంకో వార్డుకు మార్చేవారు. తెల్లవారుజామున రోగులను నిద్రలేపి ముఖాలు కడగాలి. వారిని పడుకోనిస్తేనే మేలని నర్సుకు అనిపించినా సరే, సొంత ఆలోచనకు చోటులేదు.

ఇదంతా ఎవరి దుర్మార్గమూ కాదు. చావునూ బాధనూ రోజూ దగ్గరగా చూసేవారికి కలిగే ఆందోళన తక్కువది కాదు. రోగి దగ్గరయ్యేకొద్దీ అది పెరుగుతుంది. అందుకని ఆసుపత్రి తనకు తెలియకుండానే నర్సుకూ రోగికీ మధ్య ఒక అడ్డుగోడ కట్టుకుందని మెంజీస్ వివరించారు. ఆ గోడ ఆందోళనను కప్పిపెట్టింది గాని, దాన్ని ఎదుర్కోవడం నేర్పలేదు. పైగా రోగి కోలుకుంటే కలిగే తృప్తిని కూడా దూరం చేసింది. అన్నిటికన్నా ఆలోచింపజేసే సంగతి ఇది: వెళ్ళిపోయినవారిలో చాలామంది పరిణతి, సామర్థ్యం గల మంచి విద్యార్థినులే. బలహీనులే పారిపోతారన్న మాట ఇక్కడ నిలవలేదు. 1960లో ఈ అధ్యయనం 'హ్యూమన్ రిలేషన్స్' పత్రికలో వెలువడింది.

మెంజీస్ ప్రశ్న, నర్సులు ఎందుకు వెళ్ళిపోతున్నారని. రెండు దశాబ్దాల తరవాత అమెరికాలో నర్సుల కొరత తీవ్రమైనప్పుడు, అక్కడి నర్సింగు అకాడమీ ఆ ప్రశ్నను తిరగేసింది: కొన్ని ఆసుపత్రుల్లో నర్సులు ఎందుకు నిలబడుతున్నారు? పరిశీలనకు వచ్చిన 165 ఆసుపత్రుల్లో 41ని ఎంపికచేసి, 1983లో నివేదిక ప్రచురించింది. వాటికి 'అయస్కాంత ఆసుపత్రులు' అని పేరు. మరి అక్కడి నర్సులు ఉక్కు మనుషులా? కాదు. జీతం సంగతి అలా ఉంచితే, రోగి విషయంలో నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ వారికి ఉంది. నర్సుల అధిపతికి ఆసుపత్రి యాజమాన్యంలో చోటుంది. డ్యూటీ వేళలు వీలును బట్టి సర్దేవారు, నర్సులు చెప్పింది వినేవారు. చాలాచోట్ల ఒక రోగి బాధ్యత ఒక నర్సుదే.

తరవాత ఇదొక గుర్తింపు పథకంగా మారింది. 1994లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం దాన్ని మొట్టమొదట అందుకుంది. ఈసారి మీరు ఏ వార్డుకైనా వెళితే, అక్కడి సిస్టరు రోగిని పేరుతో పిలుస్తున్నారో, మంచం నంబరుతో పిలుస్తున్నారో కాస్త చెవి ఒగ్గి వినండి.