పగటి నిదుర, రాత్రి మెలకువ

పెనుమూడికిని పులిగడ్డకును నడుమ వంతెన లేనినాడు కృష్ణ దాటువారు పడవ వేళకు రేవు చేరవలసి యుండెడిది. మనుష్యదేహమునకును అట్టి వేళలు కలవు. కొందఱు పిల్లలలో మాత్రము ఆ వేళలు తాఱుమాఱగును. అర్ధరాత్రి లేచి ఇల్లంతయు తిరుగుచు, పట్టపగలు కూర్చున్నచోటనే కునుకు తీయు బిడ్డను చూచి ఇరుగుపొరుగువారు గారాబమందురు; గాలి సోకినదందురు. తల్లి మాత్రము రాత్రి నిదురలేక, తెల్లవారగానే పొయ్యి రాజవేయవలసినదే.

ఈ నిందకు సమాధానము దొరకుటకు చాల కాలము పట్టినది. 1729లో డిమైరాన్ అను ఫ్రెంచి పండితుడు అత్తిపత్తి వంటి మొక్కను చీకటిలో దాచెను. ఎండ తగులకున్నను అది వేళకు ఆకులు విప్పుచు, వేళకు ముడుచుచుండెను. జీవి లోపలనే గడియారమున్నదను తలపునకు అది నాంది. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున ఆరన్ లెర్నర్ అను చర్మవైద్యుడు పశువుల మెదడులోని పీనియల్ గ్రంథినుండి మెలటోనిన్ అను పదార్థమును వేఱుచేసెను. ఆయన వెదకినది చర్మపు రంగు మర్మము. దొరకినది రాత్రి మర్మము! మనలో ఈ పదార్థము చీకటిపడిన పిదప హెచ్చి, తెల్లవారుసరికి తగ్గును.

1982లో ఆన్ స్మిత్, ఆమె సహచరులు 17వ క్రోమోసోములో చిన్న తునక లోపించిన పిల్లలను గూర్చి వ్రాసిరి. 1986లో ఎలెన్ మజెనిస్‌తో కలిసి మఱికొందఱిని వర్ణించిరి. స్మిత్-మజెనిస్ లక్షణసముదాయమను పేరు అట్లు వచ్చినది. మాట ఆలస్యమగుట, బుద్ధి వికాసమున కొఱత, తమ్ము తామే గాయపఱచుకొనుట, కలత నిద్ర దీని గుర్తులు. సుమారు 15,000 మొదలు 25,000 జననములకు ఒకటిగా కనబడును. 2003లో ఆర్‌ఏఐ1 అను జన్యువు ముఖ్యకారణమని తేలినది. ఈ లోపము సాధారణముగా తలిదండ్రులనుండి వచ్చునది కాదు. బీజకణములలో క్రొత్తగా ఏర్పడునది. ప్రతి లోపమునకు మేనరికమునే నిందించు మన జిల్లాలలో ఈ మాట గట్టిగా చెప్పదగినది.

నిద్ర ముడి 2000 ప్రాంతమున విడసాగెను. అమెరికాలోను, ఫ్రాన్సులోను పరిశోధకులు ఈ పిల్లల మెలటోనిన్ కొలువగా, పలువురిలో అది రాత్రి అణగి పగలు పొంగుచుండెను! 2001లో ఫ్రెంచి వైద్యులు రక్తపుపోటుకు వాడు అసెబుటలోల్‌ను ఉదయమిచ్చి పగటి పొంగును అణచిరి. పిదప రాత్రివేళ మెలటోనిన్‌ను చేర్చి చూచిరి. పిల్లలకు నిద్ర కుదుటపడెను. అందఱిలోను గడియారము తలక్రిందులు కాదని తరువాతి పరిశీలనలు తెలిపినవి కనుక, చూచి ఇచ్చు వైద్యుడు లేక ఈ మందులు ముట్టరాదు. 2020 డిసెంబరులో అమెరికా ఔషధ శాఖ ఈ జబ్బున రాత్రి నిద్రలేమికై టాసిమెల్టియాన్ అను మందును అంగీకరించెను.

తునక లోపించినదీ లేనిదీ రక్తమునందలి క్రోమోసోముల పరీక్షలో తెలియును. హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి. సంస్థలో జన్యురోగ నిర్ణయ విభాగము కలదు. రేపల్లె ప్రాంతమునకు అది దూరమే. అయినను బయలుదేరుటకు ముందు రెండు వారములపాటు బిడ్డ కునుకు తీసిన వేళలను, మేలుకొన్న వేళలను ఒక కాగితముమీద వ్రాసి ఉంచుకొనుట మంచిది. వైద్యుడు మొట్టమొదట అడుగునది దానినే.