వేటలో తోడివారి క్షేమము

దశరథుఁడు శబ్దమును నమ్మి బాణము వేసి మునికుమారునిఁ జంపిన కథ మన మెఱిఁగినదే. చరిత్రమునుండి రెండుదాహరణములు చెప్పెదను.

క్రీ. శ. 1100 ఆగస్టు 2వ తేదీన ఇంగ్లండు రాజు రెండవ విలియము న్యూ ఫారెస్టు అను నడవిలో వేటాడుచు, తనవారిలో నొకని బాణము తగిలి మరణించెను. అది పొరపాటో కుట్రయో నేఁటికిని దేలలేదు. ఎవ రెచట నున్నారో యెఱుఁగని గుంపులో ఆ రెంటికిని భేదము కానరాదు.

1621లో కాంటర్‌బరీ ప్రధాన మతాచార్యుఁడు జార్జి ఆబట్ లేడికి గుఱిపెట్టి వేసిన బాణము వనపాలకునిఁ జంపెను. రాజు క్షమించెను, పోయిన ప్రాణము మాత్రము రాలేదు.

ఈ రెంటను మృగము మనుష్యునిఁ జంపలేదు. కావున వేఁటకానికి మొదట తెలియవలసినది మృగమున్న చోటు కాదు, తోడివాఁడున్న చోటు. కంటఁబడనిదానిపై బాణము విడువరాదు. కంటఁబడినదాని వెనుక నేమున్నదో చూడక విడువరాదు.

మన దేశమున 1972 నాఁటి చట్టము వన్యమృగముల వేఁటను నిషేధించినది. అయినను పదుగురు కూడి చేయు ప్రతి పనికిని ఈ నియమము చెల్లునని నా తలంపు.