రాంజీ సుబేదార్: పంతులు, సిపాయి, నాన్న



ప్రతి ఏప్రిల్‌లో హాస్టల్ పిల్లల్ని ఒకటే అడుగుతాను: బాబాసాహెబ్ నాన్న పేరేంటి? ఎక్కువమంది నోరు మెదపరు.

ఆయన రాంజీ మాలోజీ సక్పాల్. బ్రిటిష్ ఇండియా సైన్యంలో సుబేదార్, సైనిక బడిలో హెడ్మాస్టర్. ఊరి బడి అంటరానివాళ్లను తరిమేసిన రోజుల్లో మహర్ కుటుంబాలకు అక్షరం దొరికింది పటాలంలోనే. 1890లలో ఆ సైన్యమే మహర్ల భర్తీ ఆపేసింది. రాంజీ ఊరుకోలేదు. రానడే సాయంతో సర్కారుకు అర్జీ పెట్టించారు. ఉద్యోగంతో పాటు బడి కూడా పోతుందని ఆ పంతులికి తెలుసు.

ఇంట్లో పద్నాలుగో సంతానం భీమ్. తల్లి చిన్నప్పుడే పోయింది. బొంబాయి పరేల్‌లో ఒకే గది. తెల్లవారుజామున రెండింటికే కొడుకును చదువుకు లేపేవారు. పుస్తకం కొనాలంటే పెళ్లైన కూతుళ్ల దగ్గర నగ అడిగి తాకట్టు పెట్టి, పింఛను రాగానే విడిపించేవారు. 1913 ఫిబ్రవరి 2న కన్నుమూశారు. కొడుకు కొలంబియాకు వెళ్లింది ఆ ఏడాదే. ఆయన చూడలేదు.

నా డిగ్రీ ఫీజుకు మా అమ్మ కమ్మలు పోయాయి. ఆ సంగతి నేనెక్కడా రాయలేదు, ఈరోజు దాకా.

బాబాసాహెబ్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. మీరూ అంతే. ఇంటికి ఫోన్ చేయండి. మీ చదువు కోసం ఏం తాకట్టు పడిందో అడగండి, రాసిపెట్టండి. మన చరిత్ర అదే.