పొరుగువారి మతం – మన పిల్లల చదువు



మన కోనసీమలో పుట్టిన పిల్లవాడు ఒక్క మతాన్ని మాత్రమే చూస్తూ పెరగడమనేది జరగని పని. కనుమ నాడు మన అంబాజీపేట మండలంలోనే, మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు మంది రుద్రులను ప్రభల మీద మోసుకొచ్చి ఒకచోట చేర్చే తీర్థమది. 2023 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద కనిపించింది కూడా అదే. నరసాపురం వచ్చి చేరిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు దొరలతో మొదలైన గోదావరి డెల్టా మిషన్ వల్ల ఈ లంకల్లో చర్చీలు వెలిశాయి. మామిడికుదురు మండలం ఆదుర్రులో వైనతేయ ఒడ్డున పాతకాలపు బౌద్ధ స్తూపం ఉంది. మొహర్రంలో పీర్లు లేచినప్పుడు నీళ్ళబిందెలతో ఎదురు వచ్చే హిందూ ఆడపడుచులు ఆంధ్రదేశంలో ఎన్ని ఊళ్ళలో లేరు!

ఇన్ని చూసిన పిల్లవాడు ఊరుకుంటాడా? అడుగుతాడు. "వాళ్ళు ప్రభను భుజాన ఎందుకు మోస్తారు? వీళ్ళు మెడలో శిలువ ఎందుకు వేసుకుంటారు? మన మసీదులో బొమ్మ ఎందుకు లేదు?" అటునుంచి పక్కింటి పిల్లవాడు మనవాణ్ణి అడుగుతాడు: "రోజా అంటే మంచినీళ్ళు కూడా తాగరా? ఉమ్మి మింగినా తప్పేనా?" ఈ ప్రశ్నలకు ఇంట్లోగాని, బడిలోగాని సరైన జవాబు దొరకకపోతే జవాబు అసలే దొరకదనుకోవద్దు. టీ కొట్టు దగ్గర దొరుకుతుంది, చేతిలో ఫోనులో దొరుకుతుంది. అక్కడ దొరికేది చాలాసార్లు సగం నిజం, సగం విషం. అందుకని ఇతర మతాల గురించి పిల్లలకు ఎవరు, ఏ వయసులో, ఎలా చెప్పాలన్న విషయం మీద చరిత్రలో పెద్దలు ఏం చేశారో ఈ వ్యాసంలో నాలుగు ముక్కలు మనవి చేస్తున్నాము.

మనవాళ్ళు వేసిన బాట

ఈ విద్య దొరలు వచ్చి నేర్పారని కొందరు అనుకుంటారు. అది సరికాదు. మాక్స్‌ముల్లర్ 1879లో తూర్పు దేశాల పవిత్ర గ్రంథాల సంపుటాలు మొదలుపెట్టడానికి ఎనిమిది వందల ఏళ్ళకు పైగా ముందే అల్‌బిరూనీ ఉన్నాడు. గజనీ మహమూదు కాలంలో ఆయన మన దేశాన్ని గురించి తెలుసుకోవడానికి సంస్కృతం నేర్చుకున్నాడు, పండితులను అడిగాడు, పతంజలి యోగశాస్త్రాన్ని అరబ్బీలోకి తెచ్చాడు. 1030 ప్రాంతంలో ఎనభై అధ్యాయాల గ్రంథం రాశాడు. దాన్నే కితాబుల్ హింద్ అంటారు.

ఆ గ్రంథం గొప్పతనం దాని పద్ధతిలో ఉంది. ఇది ఖండన గ్రంథం కాదని ఆయన మొదట్లోనే చెప్పుకున్నాడు. హిందువుల మాటను హిందువుల గ్రంథాల నుంచే తీసుకున్నాడు. పండితుడు దేవుణ్ణి ఎలా భావిస్తాడు, పామరుడు ఎలా భావిస్తాడు అని విడదీసి చూపించాడు. పోలిక అవసరమైన చోట గ్రీకుల మాటను, సూఫీల మాటను పక్కన పెట్టి చూపించాడు. తనకు నచ్చనివి నచ్చలేదనే రాశాడు గాని, లేనిది అంటగట్టలేదు. మన హైదరాబాదులో 1888లో వెలసిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ఆ అరబ్బీ మూలాన్ని 1958లో అచ్చు వేసింది. ఆయన తర్వాత నూరేళ్ళకు షహ్రస్తానీ లోకంలోని మతాలను, శాఖలను వరుసగా వివరిస్తూ మిలల్ వ నిహల్ అనే గ్రంథం రచించాడు.

అయితే అన్ని ప్రయత్నాలూ ఒక్కలాగ ఫలించలేదు. అక్బరు 1575లో ఫతేపూర్ సిక్రీలో ఇబాదత్ ఖానా కట్టించి ముందు మన ఆలిములను, తర్వాత బ్రాహ్మణులను, జైనులను, పార్సీలను, గోవా నుంచి వచ్చిన పాద్రీలను కూర్చోబెట్టాడు. ఉద్దేశం మంచిదే. కాని నేర్చుకోవలసిన చోట గెలవాలనే పట్టుదల పెరిగింది. వాదం ముదిరి కేకలైంది. ఆయన మునిమనుమడు దారా షికో ఇంకో దారి పట్టాడు. కాశీ పండితులను పక్కన పెట్టుకుని 1657లో యాభై ఉపనిషత్తులను పారశీకంలోకి తెచ్చాడు. ఆ పారశీక ప్రతి నుంచి వచ్చిన లాటిను అనువాదం ద్వారానే ఐరోపా వాళ్ళు మొదటిసారిగా ఉపనిషత్తులను చదివారు. అంటే సభలో అరిచినవాళ్ళ కంటే పక్కన కూర్చుని పుస్తకం చదివినవాడు ఎక్కువ దూరం వెళ్ళాడన్నమాట.

మన గోదావరి జిల్లాల్లో

రామమోహనరాయ్ 1803–04 ప్రాంతంలో ఏకేశ్వర విశ్వాసం మీద రాసిన తొలి పుస్తకం పారశీకంలో ఉంది, దాని పీఠిక అరబ్బీలో ఉంది. ఆ బ్రహ్మసమాజంలోనే తర్వాత కేశవచంద్రసేనుడు ఒక్కో మతం అధ్యయనాన్ని ఒక్కో శిష్యుడికి అప్పగించాడు. ఇస్లాం వంతు వచ్చిన గిరీశచంద్రసేను అరబ్బీ నేర్చుకుని 1881–86 మధ్య పవిత్ర ఖురానును బెంగాలీలోకి అనువదించాడు. పాఠం చెప్పేవాడు ముందు తాను ఎంత చదవాలో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ వద్దు.

ఆ గాలి మన జిల్లాకూ వచ్చింది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు, కాకినాడలో రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు బ్రహ్మసమాజ భావాలతో పనిచేశారు. నాయుడుగారు 1905 నుంచి 1919 దాకా పిఠాపురం రాజావారి కాలేజీకి ప్రిన్సిపాలు. ఒక దేవుడు, ఒక మానవజాతి అన్న భావంతో ఆయన తీర్చిదిద్దిన విద్యార్థులు ఆంధ్రదేశమంతా పెద్దలయ్యారు.

ఆ పిఠాపురంలోనే ఉమర్ ఆలీషా గారు (1885–1945) ఉన్నారు. పుట్టుకతో ముస్లిము, తెలుగులో మహాకవి, సూఫీ గురుపీఠానికి అధిపతి. మహమ్మదు ప్రవక్త చరిత్ర రాసిన కలంతోనే అనసూయ కథను నాటకంగా రాశారు, ఉమర్ ఖయ్యాము రుబాయీలను తెలుగు పద్యాలు చేశారు. కేంద్ర శాసనసభకు కూడా ఎన్నికయ్యారు. అన్ని కులాల వాళ్ళూ, మతాల వాళ్ళూ ఆయన శిష్యులే. ఆ పీఠం నేటికీ నడుస్తోంది. ఆయన తాత్త్విక మార్గాన్ని మనలో ఒప్పుకునేవారు ఉన్నారు, ఒప్పుకోనివారూ ఉన్నారు. కాని ముస్లిము చేతిలో తెలుగు పద్యం ఎంత నిండుగా పలుకుతుందో ఆయన చూపించారనడంలో రెండో మాట లేదు.

అటు చిలుకూరి నారాయణరావు గారు బ్రాహ్మణ పండితులు, భాషా చరిత్రకారులు. ఆయన పవిత్ర ఖురానును తెలుగులోకి అనువదించి 1925లో ప్రకటించారు. ఆ రోజుల్లో ఉర్దూ రాని తెలుగు ముస్లిము కుటుంబాలు చాలా ఉండేవి, ఈనాడూ మన కోస్తాలో ఉన్నాయి. అలాంటి ఇళ్ళవాళ్ళు తమ గ్రంథం అర్థాన్ని తెలుగులో చదువుకోవడానికి ఒక హిందువు దారి వేశారు. ముస్లిము అనసూయను గురించి రాయడం, హిందువు ఖురాను తెనిగించడం — ఇవి రెండూ ఒక తరంలోనే జరిగాయని మన పిల్లలకు మనం చెబుతున్నామా?

ఏ వయసుకు ఏ పాఠం

స్వరాజ్యం వచ్చాక ఈ విషయం ప్రభుత్వం ముందుకు వచ్చింది. మౌలానా అబుల్ కలాం ఆజాద్ గారు విద్యామంత్రిగా ఉండగా 1948లో విశ్వవిద్యాలయ విద్యా కమిషను వేశారు. దానికి అధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణ గారు. 1931–36 మధ్య మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులు, తర్వాత ఆక్స్‌ఫర్డులో తూర్పు మతాల ఆచార్యులు. 1949లో ఇచ్చిన నివేదికలో వారు మెట్లు మెట్లుగా ఒక క్రమం సూచించారు. డిగ్రీ మొదటి ఏడు మహాపురుషుల జీవితాలు — బుద్ధుడు, ఏసు, మహమ్మదు ప్రవక్త, శంకరుడు, నానకు మొదలైనవారివి. రెండో ఏడు లోకంలోని పవిత్ర గ్రంథాల నుంచి ఏరిన భాగాలు. మూడో ఏడు మతతత్త్వ సమస్యలు. అంటే ముందు మనిషి, తర్వాత గ్రంథం, ఆ తర్వాత తర్కం.

చిన్న పిల్లల సంగతి 1959లో వేసిన శ్రీప్రకాశ కమిటీ చూసింది. ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన 1953లో మద్రాసు గవర్నరుగా ఉన్నది ఈ శ్రీప్రకాశ గారే. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో పేరుపొందిన ఆసఫ్ ఫైజీ గారు అందులో సభ్యులు. ప్రాథమిక పాఠశాలలో ప్రవక్తల, మహాత్ముల చిన్న చిన్న కథలు, అవి కూడా భాషా వాచకంలోనే ఉండాలన్నారు. హైస్కూల్లో ప్రపంచ మతాల ముఖ్య బోధనలు సాంఘిక శాస్త్రంతో కలిపి చెప్పాలన్నారు. కాలేజీలో వివిధ మతాల సామాన్య అధ్యయనం, ఆపైన తులనాత్మక అధ్యయనంలో ఎం.ఏ. కోర్సు ఉండాలన్నారు. 1964–66 నాటి కొఠారీ కమిషను ఇంకో మంచి మాట జోడించింది: దేశమంతటికీ ఒకే పుస్తకం తయారు చేయండి, ఒక్కో మతం పాఠాన్ని ఆ మతం బాగా తెలిసిన నిపుణులే రాయాలి అని. పంజాబులో పాటియాలా విశ్వవిద్యాలయం 1967లో మతాధ్యయన శాఖ తెరిచింది. అదే ఏడు ఇంగ్లండులో లాంకాస్టరు విశ్వవిద్యాలయంలోనూ అలాంటి శాఖ మొదలైంది. 1975లో బర్మింగుహాము నగరం, అక్కడ స్థిరపడ్డ ముస్లిము, హిందూ, సిక్కు కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని, బడి పాఠ్యక్రమాన్నే మార్చింది. మన దేశంలో మాత్రం ఈ సిఫార్సులు చాలావరకు బీరువాల్లోనే ఉండిపోయాయి.

చట్టం అడ్డం కాదా అని కొందరి అనుమానం. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. గుర్తింపు పొందిన, గ్రాంటు పొందే బడుల్లోనయినా మైనరు పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలి. కాని మతబోధ వేరు, మతాలను గురించిన బోధ వేరు. "ఇది నమ్ము" అనడం మొదటిది. "ఫలానావారు ఇది నమ్ముతారు" అనడం రెండోది. 2002 సెప్టెంబరు 12న అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే గుర్తించి, మతాలను గురించి చదవడం రాజ్యాంగ విరుద్ధం కాదని తీర్పు చెప్పింది.

మన ఇళ్ళలో ఏం చేయవచ్చు

పైవన్నీ కలిపి చూస్తే ఇంటికీ, మక్తబుకూ పనికొచ్చే క్రమం ఒకటి కనబడుతుంది.

పదేళ్ళ లోపు పిల్లలకు కథ, పండగ చాలు. సంక్రాంతి ఎందుకు, క్రిస్‌మస్ ఎందుకు, మన ఈద్ ఎందుకు అని సూటిగా చెప్పాలి. ఇబ్రాహీం, మూసా, ఈసా అలైహిముస్సలాంల పేర్లు చర్చిలో అబ్రాహాము, మోషే, ఏసు అని వినబడతాయని తెలిస్తే పిల్లవాడి కళ్ళు మెరుస్తాయి. ఈ వయసులో ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అన్న తగువు పెట్టకూడదు.

పదకొండు నుంచి పదిహేను దాకా ఆచారం వెనక అర్థం అడుగుతారు. అప్పుడు కళ్ళతో చూపించాలి. ఆదుర్రు స్తూపం దగ్గరకు తీసుకువెళ్ళి బుద్ధుని మాట చెబితే పుస్తకంలో రెండు పేజీల కంటే ఎక్కువ నిలుస్తుంది. పక్కింటి పంతులుగారినో, పాస్టరుగారినో వాళ్ళ సంగతి వాళ్ళనే చెప్పమనాలి. అలాగే వాళ్ళ పిల్లలు మన మసీదుకు వస్తే వజూ దగ్గర నుంచి ఓపికగా చూపించాలి.

పదహారు దాటినవారికి తేడాలు దాచకూడదు. అన్ని మతాలూ ఒకటే అని ఒక్క మాటలో తేల్చేస్తే కాలేజీ పిల్లలు నమ్మరు, అది నిజమూ కాదు. మన తౌహీదు, క్రైస్తవుల త్రిత్వం, హిందువుల అవతార భావన వేరువేరు. వేరని ఒప్పుకుని, ఎందుకు వేరో మర్యాదగా చెప్పుకోగలగడమే చదువు. ఇక్కడ ఒక పొరపాటు అందరూ చేస్తారు: మన గ్రంథాన్ని తీసుకువచ్చి పక్కవాళ్ళ ఆచారంతో పోలుస్తారు. మన ఉత్తముణ్ణి వాళ్ళ అధముడి పక్కన నిలబెడతారు. గ్రంథాన్ని గ్రంథంతో, ఆచారాన్ని ఆచారంతో పోల్చాలి. బిరూనీ దాదాపు వెయ్యేళ్ళ కిందట పాటించిన న్యాయం అదే.

పరాయి మతం చదివితే మన పిల్లల ఈమాను సడలుతుందేమోనని పెద్దలు భయపడతారు. ఆ భయం తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. అందుకే ముందు మన దీను గట్టిగా నేర్పాలి. తన ఇల్లు తెలిసినవాడు పక్కింటికి వెళ్ళినా దారి తప్పడు. తన నమాజుకే అర్థం తెలియని పిల్లవాడు ఇతరుల పూజకు అర్థం ఏం చెబుతాడు? జాతులు ఒకరినొకరు తెలుసుకోవడం గురించి ఖురాను 49వ సూరాలో ఉన్న ఆదేశం మనకు తెలియనిది కాదు. పోతే, మనం వాళ్ళ గురించి తెలుసుకోకుండా వాళ్ళు మాత్రం మన గురించి సరిగ్గా తెలుసుకోవాలని కోరడం న్యాయం కాదు గదా!

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టులో కాయ దింపినవాడు, ఒలిచినవాడు, కొన్నవాడు మూడు మతాలవాళ్ళు కావచ్చు. బేరం దగ్గర ఒకరి మాట ఒకరికి అర్థమవుతూనే ఉంది. రేపు మన పిల్లలు ఆ మార్కెట్టులోనైనా, హైదరాబాదు ఆఫీసులోనైనా, గల్ఫులోనైనా ఇలాంటి మనుషుల మధ్యనే బతకాలి. కనుక సభ్యులందరూ తమ తమ ఇళ్ళలో, వారానికి ఒక్క గంటయినా ఈ పని మొదలుపెట్టాలని, మన మక్తబు ఉస్తాదులూ, బడి మాస్టార్లూ కలిసి కూర్చుని వయసుల వారీగా చిన్న పాఠాలు తయారు చేయాలని సవినయంగా కోరుతున్నాము. ఈ మంచి పనికి అల్లాహ్ మనకు తౌఫీకు ప్రసాదించుగాక. ఆమీన్.