పుట్టుక అనే మాట: డర్బన్ నుంచి శంషాబాద్ దాకా

శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది 2008 మార్చిలో. సుమారు 5,500 ఎకరాల నేల. మా అమ్మ ఆ చుట్టుపక్కల ఊర్లలో కూలికి పోయిన మనిషి. దళిత కార్యకర్తలు విదేశంలో సదస్సుకు పోతున్నరని ఒకసారి చెప్తే, "ఈడ సర్పంచే ఇనలే, ఆడ ఎవరు ఇంటరు బిడ్డా?" అని అడిగింది. చదువుకున్న మనవాళ్లు కూడా ఈ ప్రశ్న వేస్తుంటారు. తేలిగ్గా తీసేసే ప్రశ్న కాదిది. జవాబు చరిత్రలోనే వెతకాలి.

దక్షిణాఫ్రికాలోని భారతీయుల మీద వివక్ష సంగతిని భారత ప్రభుత్వం 1946లో ఐక్యరాజ్యసమితి ముందు పెట్టింది. "ఇది మా ఇంటి వ్యవహారం" అని దక్షిణాఫ్రికా వాదించింది. అదే సంవత్సరం అంబేద్కర్ అమెరికాలోని నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. నల్లజాతి వారు సమితికి ఇచ్చిన మహజరు ప్రతులు పంపమన్నారు. అంటరానివాళ్లు కూడా ఆ దారి పట్టాలని ఆలోచిస్తున్నారని తెలిపారు. అంటే అంతర్జాతీయ వేదిక మనకు నిన్న మొన్న ఎవరో నేర్పింది కాదు.

1965లో జాతి వివక్ష నిర్మూలన ఒడంబడిక వచ్చింది. దాని మొదటి అధికరణంలో జాతి, రంగు అనే మాటల పక్కన 'డిసెంట్' అనే మాట ఉంది. పుట్టుక, వంశం అని దాని అర్థం. దాన్ని చేర్చమని ప్రతిపాదించింది ఎవరు? భారతదేశమే! 1968లో ఒడంబడికను ఆమోదించింది కూడా. అయితే 1996లో ఒడంబడిక అమలును చూసే కమిటీ, పుట్టుక అనే మాట కిందికి కులం కూడా వస్తుందని చెప్పేసరికి ప్రభుత్వం ఎదురు తిరిగింది. తాను పెట్టిన మాట నుంచి తానే తప్పుకుంది.

ఆ మాటను పట్టుకుని నిలబడింది ఎవరనేది ఇక్కడ గమనించాలి. కారంచేడు (1985), చుండూరు (1991) ఊచకోతల తర్వాత దళితులు వీధిలోనూ కోర్టులోనూ పోరాడారు. 1998లో దళిత మానవ హక్కుల జాతీయ ప్రచారోద్యమం ఏర్పడింది. పాల్ దివాకర్, మార్టిన్ మాక్వాన్, రూత్ మనోరమ వంటివారు కులాన్ని ప్రపంచ వేదిక మీదికి తీసుకుపోయారు. 2001 ఆగస్టు 31 నుంచి సెప్టెంబరు 8 దాకా దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాత్యహంకార వ్యతిరేక ప్రపంచ మహాసభ జరిగింది. కులాన్ని చర్చలోకి రానీయకుండా భారత ప్రభుత్వం అడ్డుపడింది. ఒకప్పుడు దక్షిణాఫ్రికా చెప్పిన 'ఇంటి వ్యవహారం' మాటనే ఈసారి ఆ గడ్డ మీదే మన పాలకులు అందుకున్నారు. అమెరికా, ఇజ్రాయెల్ వేరే కారణంతో సభ మధ్యలోనే లేచిపోయాయి.

"కులం, జాతి ఒకటి కాదు" అన్నారు కొందరు మేధావులు. ఒకటి కాకపోవచ్చు. కానీ దళితులు అడిగింది అది కాదు కదా! పుట్టుకను బట్టి మనిషిని అణచడం వివక్ష అవునా కాదా అన్నదే ప్రశ్న. జాతీయ మానవ హక్కుల కమిషన్ కూడా చర్చను అడ్డుకోవాలని అనలేదు.

చివరి ప్రకటనలో కులం లేదు. అయితే డర్బన్ ఓడిపోయిందని అనుకోవడం పొరపాటు. 2002 ఆగస్టులో ఆ కమిటీ 29వ సాధారణ సిఫార్సులో కులవివక్షను పేరు పెట్టి ఖండించింది. 2003 జనవరిలో హైదరాబాద్‌లో ఆసియా సోషల్ ఫోరం జరిగింది. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన 2008లోనే అంతర్జాతీయ దళిత సంఘీభావ నెట్‌వర్క్ ఐక్యరాజ్యసమితిలో సంప్రదింపుల హోదాకు దరఖాస్తు పెట్టింది. భారత ప్రతినిధులు ప్రశ్న మీద ప్రశ్న వేసి పద్నాలుగేళ్లు ఆపారు. 2022 డిసెంబరులో ఓటింగుతో గానీ హోదా రాలేదు.

మన లోపాలూ చెప్పుకోవాలి. ఈ పని ఎక్కువగా ఇంగ్లీషు తెలిసినవాళ్ల చేతుల్లో ఉండిపోయింది. విదేశీ నిధుల మీద ఆధారపడిన సంస్థల గొంతు, విదేశీ విరాళాల చట్టం 2020 సవరణలతో ఇంకా బిగిసింది. వాడలో కూలి మనిషికి జెనీవా అనే పేరే తెలియదు. మా అమ్మ ప్రశ్నలో నిజం అక్కడుంది.

అట్లని వేదికను వదిలేద్దామా? అమెరికా 2018లో, మళ్ళీ 2025లో మానవ హక్కుల మండలి నుంచి తప్పుకుంది. ఇట్లా ప్రభుత్వాలు లేచిపోయినప్పుడు ఆ కుర్చీలను ఎవరు అడగాలి? కులం కూడా ఇప్పుడు ఊర్లోనే కూర్చోలేదు. మన తెలుగు పిల్లలతో పాటు శంషాబాద్‌లో విమానమెక్కి పోతున్నది. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నరు అలాంటి బిల్లును తిరస్కరించారు.

విద్యార్థులూ ఉపాధ్యాయులూ ముందు చేయాల్సింది ఒకటుంది. 29వ సిఫార్సును తెలుగులో చెప్పి వాడల్లో చదివించాలి. ఊర్లో జరిగిన ప్రతి అత్యాచారాన్నీ తేదీతో, కేసు నంబరుతో రాసి పెట్టాలి. జెనీవా దాకా పోయే నివేదిక ఆ కాగితం మీదే నిలబడుతుంది. "ఆడ ఎవరు ఇంటరు?" అంటే, అమ్మా, ఈడ రాసి పెట్టనిది ఆడ ఎవరూ ఇనరు. రాసి పెడితే వినక తప్పని రోజు కొన్నిసార్లు వచ్చింది.