కెమెరా వెనుక పరిచయాలు: ఫొటోగ్రాఫర్ వృత్తిలో తొలి మెట్టు



ఫొటోగ్రాఫర్ కావాలంటే ఏం ఉండాలి అని అడిగితే చాలామంది మంచి కెమెరా, మంచి చూపు అంటారు. మన దేశ ఫొటోగ్రఫీ చరిత్రను పరిశీలిస్తే మూడవది కూడా కనిపిస్తుంది. అదే పరిచయం. అంటే, మన పనిని చూసి "ఇతనికి ఒక అవకాశం ఇచ్చి చూడండి" అని మరొకరితో చెప్పగలిగిన మనిషి. అటువంటి పరిచయం ఎలా ఏర్పడుతుంది? ఎంతవరకు తోడు వస్తుంది? ఈ పాఠంలో ముగ్గురి జీవితాల ఆధారంగా తెలుసుకుందాం.

తూర్పు ఢిల్లీలోని లక్ష్మీ నగర్‌లో ఉండే యువతకు ఈ ప్రశ్న కొత్త కాదు. కోచింగ్ సెంటర్లకు పేరుపడిన ఆ పేటలో పరాయి ఊళ్ళ నుంచి వచ్చి, అద్దె గదుల్లో ఉండి చదువుకునేవారు ఎందరో. అక్కడి నుంచి వికాస్ మార్గ్ మీదుగా యమున వంతెన దాటితే ఐ.టి.ఓ. కూడలి, ఆ పక్కనే బహదూర్ షా జఫర్ మార్గ్ వస్తాయి. ఎన్నో పత్రికల కార్యాలయాలు వెలసిన వీధి అది. దూరం కొద్ది కిలోమీటర్లే. కాని ఆ వీధిలో తెలిసినవారు ఒక్కరూ లేని యువకుడు తన ఫొటోలను ఎవరికి చూపించాలి?

ముందుగా మన హైదరాబాదుతో పేరు ముడిపడిన రాజా దీన్‌దయాళ్ సంగతి చూద్దాం. ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో జన్మించారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, 1866లో ఇందోర్‌లో ప్రజాపనుల శాఖ ఉద్యోగిగా చేరారు. 1870లలో ఫొటోగ్రఫీ మొదలుపెట్టారు. ఇందోర్ మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్, మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు మన దేశానికి వచ్చినప్పుడు ఆ పర్యటనను ఫొటోలు తీసే అవకాశం ఆయనకు లభించింది. డేలీ తరువాత ఆ పదవిలోకి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ ఆయనను బుందేల్‌ఖండ్ పర్యటనకు వెంట తీసుకువెళ్ళారు. అప్పటి ఫొటోలతో మధ్య భారత కట్టడాలపై గ్రిఫిన్ గ్రంథం 1886లో వెలువడింది. 1880లలోనే వైస్రాయ్ డఫరిన్, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆదరణ కూడా దక్కింది. సికింద్రాబాదులో స్టూడియో వెలిసింది. "రాజా" బిరుదు నిజాం ఇచ్చినదే.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఒక అధికారి మరొక అధికారికి పరిచయం చేసినా, ప్రతి మెట్టు మీదా దీన్‌దయాళ్ చేతిలో చూపించడానికి ఫొటోలు ఉన్నాయి. పదేళ్ళకు పైగా ఉద్యోగం చేస్తూనే ఆయన ఈ పని సాగించారు. వృత్తి నిలబడుతుందన్న నమ్మకం కుదిరాకే ఉద్యోగం వదిలారు. ఆయన స్టూడియో తీసిన ఫొటోల గాజు నెగిటివ్‌లు 2,800కు పైగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి.

రెండవ ఉదాహరణ రఘు రాయ్. 1942లో జన్మించిన ఆయన చదివింది సివిల్ ఇంజనీరింగ్. 1960లలో ఢిల్లీలో అన్నగారు ఎస్. పాల్ దగ్గరకు వచ్చారు. పాల్ అప్పటికే పేరున్న పత్రికా ఫొటోగ్రాఫర్. ఒకసారి రఘు రాయ్ అన్నగారి కెమెరా తీసుకుని, ఆయన మిత్రుడి వెంట ఒక పల్లెకు వెళ్ళి, అక్కడ ఒక గాడిద పిల్లను ఫొటో తీశారు. దానిని పాల్ లండన్‌లోని "ది టైమ్స్" పత్రికకు పంపగా అచ్చయింది. 1966లో రఘు రాయ్ "ది స్టేట్స్‌మన్" పత్రికలో చేరారు. 1971లో పారిస్‌లో జరిగిన ఆయన ప్రదర్శనను చూసిన ప్రసిద్ధ ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్తియే బ్రెసాఁ, తరువాత ఆయన పేరును మాగ్నమ్ సంస్థకు ప్రతిపాదించారు. మొదటి తలుపు తీసింది తోబుట్టువు. ఈ తలుపు తీసింది మాత్రం ముందు ఫొటోలనే చూసిన మనిషి.

మూడవ ఉదాహరణలో పరిచయానికి ఉన్న మరో ముఖం కనిపిస్తుంది. మన దేశపు తొలి మహిళా పత్రికా ఫొటోగ్రాఫర్‌గా పేరొందిన హోమాయ్ వ్యారావాలా 1913లో నవసారిలో జన్మించారు. ఆమెకు కెమెరా పట్టడం నేర్పినది, తరువాత ఆమె భర్త అయిన మానెక్‌షా. బొంబాయి పత్రికల్లో ఆమె ఫొటోలు అచ్చు కావడానికి ఆయన పేరే దారి అయింది. అయితే తొలి ఫొటోలు అచ్చయినది కూడా ఆయన పేరు మీదే. స్త్రీ అయినందువల్ల, పైగా ఎవరికీ తెలియని పేరు అయినందువల్ల ఆమె పేరు కనబడలేదు. 1942లో ఆమె ఢిల్లీకి వచ్చి బ్రిటిష్ సమాచార విభాగంలో చేరారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజులను, నెహ్రూ కాలపు రాజధానిని తన కెమెరాలో బంధించారు. 2011లో పద్మవిభూషణ్ అందుకున్నారు. పని ఆమెదే అయినా, తొలినాళ్ళలో పేరు మరొకరిది. పరిచయం ఇచ్చిన అవకాశంతో పాటు అది తీసుకున్న మూల్యాన్ని కూడా మనం లెక్కలోకి తీసుకోవాలి.

మరి తోబుట్టువో, అధికారో అండగా లేనివారి మాటేమిటి? దీనికీ చరిత్రలో ఒక దారి ఉంది. 1854లో బొంబాయిలో, 1856లో మద్రాసు, కలకత్తాలలో ఫొటోగ్రఫీ సంఘాలు ఏర్పడ్డాయి. సభ్యులు తమ ఫొటోలను ఒకరికొకరు చూపించుకునేవారు, మెలకువలు నేర్చుకునేవారు. బంధుత్వంతో పని లేకుండా పరిచయాలు పెరిగే చోట్లు అవి. అయితే ఆ తలుపులూ అందరికీ ఒకేలా తెరిచి ఉండలేదు. నీలిమందు తోటల యజమానుల దౌర్జన్యాన్ని విమర్శించినందుకు రాజేంద్రలాల్ మిత్రా 1857లో కలకత్తా సంఘం నుంచి వైదొలగవలసి వచ్చింది.

పై ఉదాహరణలను బట్టి సిఫారసుకూ పరిచయానికీ తేడా స్పష్టమవుతుంది. సిఫారసు చేసేవారు మన పనిని చూడనవసరం లేదు. పరిచయం మాత్రం మన పనిని చూసినవారితోనే బలపడుతుంది. కాబట్టి లక్ష్మీ నగర్ గదిలో ఉన్నా, కర్నూలులో ఉన్నా, మీకు తెలిసిన పెద్దలు ఎవరున్నారని వెతకడానికి ముందు, మీ ఫొటోలు ఎవరు చూశారో లెక్కవేసుకోండి. పేటలోని స్టూడియో యజమాని, ఊరి విలేఖరి, ప్రదర్శనలో కలిసిన తోటి విద్యార్థి కూడా ఆ లెక్కలోకి వస్తారు. ఫొటో అచ్చయిన రోజున దాని కింద మీ పేరు ఉందో లేదో చూసుకోవడం కూడా మరచిపోకండి.